హెడర్ ఫైల్ ఎక్కడ దొరికింది?

‘సీ డ్రైవులోనే పెట్టు, ఫోల్డర్ పేరు మార్చకు, ఇంకేమీ ముట్టుకోకు.’ కానూరైనా గుడ్లవల్లేరైనా, టర్బో సీ ఎక్కించుకునే ఫస్టియర్ పిల్లలకు సీనియర్లిచ్చే సలహా ఇదే. ఈ వారం మళ్లీ చెవినపడింది, మళ్లీ చిరాకేసింది. టర్బో సీని ల్యాబుల నుంచి సాగనంపాలన్నది నా పాత పట్టు, ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. సీ ప్లస్ ప్లస్‌కు అంతర్జాతీయ ప్రమాణం 1998లో వస్తే, ఈ బోర్లాండ్ కంపైలర్ అంతకుముందుది. 64 బిట్ల విండోస్‌లో నేరుగా నడవదు గనక డాస్‌బాక్స్‌లో పెట్టి నడిపిస్తున్నారు. కానీ ఫోల్డర్ కదపొద్దనే ఈ ఒక్క విషయంలో తప్పు టర్బో సీది కాదు. దాని ఆప్షన్స్ మెనూలో డైరెక్టరీస్ అని ఒకటుంటుంది. అందులో హెడర్ ఫైళ్లకొక గడి, లైబ్రరీలకొక గడి. ఫోల్డర్‌ను డీ డ్రైవుకు మారిస్తే ఆ గడుల్లో పాత దారులే మిగులుతాయి, ఎస్టీడీఐఓ.హెచ్ తెరవలేకపోతున్నానంటుంది. మొదటి గడి ఒక్కటే సరిచేస్తే కంపైల్ అవుతుంది గానీ, సీ0ఎస్.ఓబీజే దొరకలేదని లింకర్ మొరాయిస్తుంది. కంపైలర్ వేరు, లింకర్ వేరు, ఎవరు వెతికే చోటు వారిదని ఈ రెండు ఎర్రర్లే చెప్పేస్తాయి. ‘ముట్టుకోకు’ అన్న సలహా ఆ పాఠాన్నే పిల్లలకు అందకుండా చేస్తోంది.

మొదటి ఏడాదిలోనే ఇదంతా ఎందుకు, ఇప్పటి ఎడిటర్లు దారులన్నీ అవే చూసుకుంటాయి కదా అంటారు. ఫైలు దొరకకపోవడమే సమస్యయితే ఆ మాట ఒప్పుకోవచ్చు. అసలు చిక్కు, ఒకే పేరుతో వేరే ఫైలు దొరికినప్పుడు. జీసీసీ కంపైలర్ సంగతే చూడండి. హెడర్ పేరు డబుల్ కోట్స్‌లో ఉంటే, ఆ ఇంక్లూడ్ వరస ఏ ఫైల్లో ఉందో దాని ఫోల్డర్లో ముందు చూస్తుంది. కోణపు బ్రాకెట్లలో ఉంటే అక్కడ చూడదు. హైఫన్ పెద్ద ఐతో మనమిచ్చిన ఫోల్డర్లు రాసిన వరసలో వెతికి, తర్వాతే సిస్టమ్ ఫోల్డర్లకు వెళ్తుంది. కాలువలో ఎగువ చేలకు ముందు నీరందినట్టు, వరసలో ముందున్న ఫోల్డర్‌దే గెలుపు. ఒకే పేరుతో కిందెక్కడో ఇంకో ఫైలున్నా దాని జోలికి పోదు. ఓ విద్యార్థి తన ఫంక్షన్లను స్ట్రింగ్.హెచ్ అనే పేరుతో దాచుకుని, తన ఫోల్డర్‌నే హైఫన్ పెద్ద ఐతో ఇచ్చాడనుకోండి. ఇక కోణపు బ్రాకెట్లు పెట్టినా అతని ఫైలే వస్తుంది. ఎస్టీఆర్‌లెన్ డిక్లరేషన్ లేదంటుంది కంపైలర్. అతను మాత్రం స్ట్రింగ్.హెచ్ పెట్టానుగా అని తల పట్టుకుంటాడు.

ఇంత తంటా ఎందుకు, డ్రైవు పేరుతో సహా పూర్తి దారి ప్రోగ్రాములోనే రాసేస్తే పోలా అనేవారూ ఉన్నారు. అప్పుడు పొరపాటు ఫైలు రాదు, నిజమే. కానీ ఆ ప్రోగ్రాము పక్క కంప్యూటర్లో కంపైల్ కాదు. ఫైలు పేరు ప్రోగ్రాములో, వెతికే చోటు బయట ఉండాలన్న ఏర్పాటు వచ్చిందే అందుకు. టర్బో సీ పోవాలన్న మాట వెనక్కి తీసుకోను. కానీ దానిలోని ఆ గడులు, ఇప్పటి ఎడిటర్లు కనబడనివ్వని సంగతిని కళ్లెదుట పెట్టాయి. దాన్ని తీసేసి కొత్త ఎడిటర్ పెట్టినంత మాత్రాన ల్యాబు బాగుపడదు. లెక్చరర్లకు నా విన్నపం: మొదటి ల్యాబులోనే జీసీసీని హైఫన్ వీతో ఒకసారి, హైఫన్ పెద్ద హెచ్‌తో ఒకసారి నడిపించండి. మొదటిది వెతికిన ఫోల్డర్లను వరసగా చూపిస్తుంది, రెండోది ఏ హెడర్ ఎక్కడ దొరికిందో చూపిస్తుంది. ఆ రెండూ పిల్లల చేత రికార్డులో రాయించండి.