కాలము చెప్పినది ఎవరు?

దుండిగల్లులోని మా కళాశాల ప్రయోగశాలలో రెండు స్విచ్చులు కలవు. ఒకనాడు వాటి లాగులను విద్యార్థులచే చదివించితిని. ఒక తీగ ఊడినట్లు మొదటిది 11 గంటల 4 నిమిషములకు వ్రాసికొన్నది. రెండవది అదే సంగతిని 10 గంటల 57 నిమిషములకు వ్రాసికొన్నది. తీగ రెండు మార్లు ఊడలేదు గదా! గడియారములు కలియలేదు, అంతే.

ఇట్టి తేడాలను మాన్పుటకే 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఒక ఆదేశము వెలువరించినది. సంస్థలన్నియు తమ యంత్రముల గడియారములను ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల యొక్కగాని, ఎన్.ఐ.సి. యొక్కగాని ఎన్.టి.పి. సర్వర్లతో, లేదా వాటి ననుసరించు సర్వర్లతో కలుపుకొనవలెను. లాగులను 180 దినములు భద్రపరచవలెను. మంచి ఆదేశమే. కాలము కలియని లాగులను ఎన్నినాళ్లు దాచినను ఫలమేమి?

కాని అందొక లోపము కలదు. కాలము నెవరి వద్ద పుచ్చుకొనవలెనో చెప్పినదే గాని, వచ్చిన కాలము వారు పంపినదేయని ఎట్లు గుర్తింపవలెనో చెప్పలేదు. సాధారణపు ఎన్.టి.పి. ఉత్తరము సంతకము లేని కార్డు వంటిది. నడుమనున్నవాడు సర్వరు పేరున మరియొక కార్డు వ్రాసి పంపవచ్చును. గడియారము వెనుకకు జరిగెనా, గడువు తీరిన సర్టిఫికెట్టు కూడ చెల్లుబడి యగును.

దీనికి విరుగుడు రహస్యపు కీ. ఇరువైపులను ఒకే కీ యుండును; అది దారిలో ప్రయాణము చేయదు, దానితో లెక్కించిన ముద్ర మాత్రమే ఉత్తరముతో పోవును. సిస్కో యంత్రములలో దీనికి నాలుగు పంక్తులు వ్రాయుదురు: ధ్రువీకరణను మేల్కొలుపుట, కీ నిచ్చుట, దానిని నమ్మదగినదిగా ప్రకటించుట, సర్వరు పంక్తి చివర ఆ కీ సంఖ్యను చేర్చుట. విద్యార్థులు మరచునది ఈ నాలుగవది. మొదటి మూడును వ్రాసినను, ఇది లేనిచో ముద్ర లేని కాలమునే యంత్రము నిశ్చింతగా స్వీకరించును! ముద్రకు ఎం.డి.5 పద్ధతి తగదని 2019లోనే ప్రమాణపత్రము చెప్పినది. 2020లో వచ్చిన ఎన్.టి.ఎస్. విధానములో కీలను ముందుగా పంచిపెట్టు పని లేదు. అయితే ఏ పద్ధతికైనను కాలము నిచ్చువాడు కూడ సిద్ధపడవలెను. ఆ బాధ్యతను ఆదేశము ఎవరిమీదను పెట్టలేదు.

ముద్రయే సర్వస్వమనుటయు పొరపాటే. ఉత్తరము పోవుటకును వచ్చుటకును సమానకాలము పట్టునని ఎన్.టి.పి. లెక్కవేయును. తిరుగు ఉత్తరమును ఎవడైన దారిలో 100 మిల్లీసెకండ్లు నిలిపెనా, ముద్ర చెక్కుచెదరకయే గడియారము 50 మిల్లీసెకండ్లు తప్పును. పోనీ, నిజమైన సర్వరే తప్పు చెప్పినచో? 2012 నవంబరు 19న అమెరికా నౌకాదళ వేధశాల సర్వర్లు కొంతసేపు 2000వ సంవత్సరమని చెప్పినవి. నమ్మిన యంత్రములు పండ్రెండేండ్లు వెనుకకు పోయినవి. ముద్ర చెప్పునది ఎవరు పలికినారని, నిజము పలికినారని కాదు.

అందుచేత ఇప్పుడు మా స్విచ్చులకు నాలుగు సర్వర్లను చూపినాము. ఒకటి అబద్ధమాడి, మరియొకటి మూగవోయినను, మిగిలిన రెండును ఒక మాట మీద నిలుచును. తరగతిలో ముందుగా తప్పు కీ నిప్పించి స్విచ్చు కాలమును నిరాకరించుట చూపుదును. పిమ్మట నాలుగవ పంక్తిలోని కీ సంఖ్యను తీయించి, అదే స్విచ్చు ఏమియు ప్రశ్నింపక తల యూపుట చూపుదును.