ఊరుకోవడం తెలిసిన గొంతు

అమెరికన్ రాపర్ పాప్ స్మోక్ పాట పెట్టినప్పుడల్లా అతను ఎక్కడెక్కడ మాట్లాడకుండా ఊరుకున్నాడో వింటాను. దొరికిన ప్రతి ఖాళీనీ నింపేయాలన్న ఆత్రం లయ నేర్చుకునే ప్రతివాడికీ మొదట్లో ఉండేదే. చిన్నప్పుడు మృదంగం దగ్గర కూర్చున్నప్పుడు మా మాస్టారు అస్తమానం దీనికే కసిరేవారు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పంతొమ్మిదేళ్ల ఈ కుర్రాడు పాడటం మొదలుపెట్టిన కొద్ది నెలల్లోనే ఆ ఆత్రాన్ని దాటేశాడు. అతను తుపాకుల గురించి పాడాడనీ, తుపాకికే పోయాడనీ చాలామంది రాశారు. అతని పనితనం గురించి రాసింది తక్కువ. ఈ వారం దాని గురించే చెప్పుకోవాలని ఉంది.

అసలు పేరు బషర్ జాక్సన్. 1999 జూలైలో పుట్టాడు, కెనార్సీ అనే పేటలో పెరిగాడు. తల్లిది జమైకా, తండ్రిది పనామా. పనామా మామ్మ 'పాపా' అని ముద్దుగా పిలిచిన పిలుపులోంచే స్టేజి పేరులో సగం వచ్చింది. ఎనిమిదో తరగతిలో బడికి తుపాకీ తెచ్చాడని పంపించేశారు. ఆయుధం కేసులో రెండేళ్లు ఇల్లు కదలకుండా ఉండాల్సి వచ్చింది. బాస్కెట్‌బాల్ బాగా ఆడతాడని ఫిలడెల్ఫియాలో స్కాలర్‌షిప్ ఇస్తే, గుండె చప్పుడులో తేడా ఉందని డాక్టర్లు తేల్చడంతో ఆ దారీ మూసుకుపోయింది. ఇవన్నీ అతని గురించి ఎక్కడైనా కనిపించే సంగతులే. నాకు మాత్రం వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది: చిన్నప్పుడు చర్చిలో ఆఫ్రికన్ డ్రమ్ములు వాయించేవాడు. మాట కంటే ముందు దెబ్బ నేర్చుకున్న పిల్లాడన్నమాట.

అతను పాడిన రాప్ శైలిని డ్రిల్ అంటారు. అది పుట్టింది షికాగో సౌత్ సైడ్‌లో, 2010 ప్రాంతంలో. పదహారేళ్ల రాపర్ చీఫ్ కీఫ్ అమ్మమ్మ ఇంట్లో నిర్బంధంలో ఉంటూనే తీసిన వీడియోలతో 2012లో దేశమంతా తెలిసిపోయాడు. అక్కణ్ణుంచి ఆ సంగీతం దక్షిణ లండన్ పేటలకు పోయింది. అక్కడి కుర్రాళ్లు దానికి తమ ఊరి గ్రైమ్ సంగీతపు వేగాన్ని కలిపి నడకనే మార్చేశారు. మారిన ఆ నడక మళ్లీ సముద్రం దాటి బ్రూక్లిన్ చేరింది. షెఫ్ జీ, 22జీజ్ లాంటి అక్కడి రాపర్లు పాప్ స్మోక్ కంటే ముందే దాని మీద పాడారు.

ఆ నడక ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి, లేకపోతే ఇతను చేసిన పని అర్థం కాదు. నిమిషానికి సుమారు 140 దెబ్బల వేగం, కానీ చెవికి అందులో సగమే అనిపిస్తుంది. పైన సన్నగా మోగే హై-హ్యాట్‌ని నోటితో పలికితే 'తకిట తకిట తక' అవుతుంది. మూడు, మూడు, రెండు, మొత్తం ఎనిమిది. తొడ మీద తాళం వేస్తూ అనిచూడండి. రెండో తకిట ఎక్కడ మొదలవుతుందో అక్కడ తాళం ఉండదు. ఇక స్నేర్ డ్రమ్ దెబ్బ: నాలుగు తాళాల మొదటి వరసలో మూడో తాళం మీద పడుతుంది, రెండో వరసలో అక్కడే పడుతుందనుకుంటే పడదు, ఆగి నాలుగో తాళం మీద పడుతుంది. ఆ ఒక్క తాళం ఆలస్యమే డ్రిల్‌కి ప్రాణం. వింటున్నవాడి తల వంగబోయి ఆగుతుంది. అడుగున బేస్ ఒక చోట నిలవదు, స్వరం నుంచి స్వరానికి జారుతుంది. 1980లో జపాన్‌లో తయారైన రోలాండ్ 808 డ్రమ్ మెషీన్ ధ్వనిని సాగదీసి చేసిన బేస్ అది. ఇంత కదులుతున్న నేల మీద పాడేవాడు ఎక్కడ కాలు పెట్టాలి?

2018లో స్నేహితుడైన ఓ రాపర్ వెంట స్టూడియోకి వెళ్లాడు పాప్ స్మోక్. అక్కడే తనూ పాడిచూశాడు. అతని తొలి పాట 'ఎంపీఆర్' షెఫ్ జీ అప్పటికే వాడిన బీట్ మీద పాడినది. ఆ బీట్ కట్టింది లండన్ కుర్రాడు 808మెలో. తర్వాత పాప్ స్మోక్ అతన్నే వెతికి పట్టుకున్నాడు. నాకు ఇక్కడే అతని తెలివి కనిపిస్తుంది. పేరున్న న్యూయార్క్ ప్రొడ్యూసర్ల చుట్టూ తిరగకుండా, తన గొంతు ఏ శబ్దం పక్కన నిలుస్తుందో తనే విని తేల్చుకున్నాడు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసులో తన గొంతు తనకి సరిగ్గా వినపడటం చిన్న సంగతి కాదు. ఆ వయసులో ఎవరి గొంతుతోనో పాడతాం అందరం.

ఆ గొంతు బాగా కింది స్థాయిది, గరగరలాడుతుంది. అలాంటి గొంతుతో మాటలు గుప్పిస్తే బేస్‌లో కలిసిపోయి ముద్దవుతాయి. అందుకే అతను వాక్యాన్ని చిన్నది చేశాడు. నాలుగు మాటలని ఆగుతాడు. ఆ సందులో బేస్ జారనిస్తాడు. స్నేర్ ఆలస్యంగా పడే చోట చాలాసార్లు నోరే మెదపడు. ఒక్కోసారి 'వూ' అని వదిలేస్తాడు, లేదా గొంతులోనే గుర్రుమంటాడు. ఆ గుర్రుమనడం కూడా లెక్కగా తాళంలోనే పడుతుంది. 2019 ఏప్రిల్‌లో వచ్చిన 'వెల్కమ్ టు ద పార్టీ' విని చూడండి. పల్లవి ఎంత సులువుగా ఉంటుందంటే పక్కింటి పిల్లలు కూడా అందుకోగలరు. అందుకోవడం సులువే. అదే బరువుతో, అదే తీరికతో నిలబెట్టడం మాత్రం కష్టం. ఆ వేసవిలో న్యూయార్క్ వీధుల్లో కార్లన్నీ ఆ పాటే మోగించాయి. జూలైలో తొమ్మిది పాటల 'మీట్ ద వూ' మిక్స్‌టేప్ వచ్చింది, అందులోనే 'డియోర్' ఉంది.

పాటల్లో హింస ఉంది. పేటల మధ్య పగలు, బెదిరింపులు, గొప్పలు అన్నీ ఉన్నాయి. అవి విని బాధపడే తల్లులున్నారు, వాళ్ల బాధ నిజం. దాన్ని కళ అన్న పేరుతో తోసెయ్యడం నాకు చేతకాదు. కానీ 2019 అక్టోబర్‌లో రోలింగ్ లౌడ్ సంగీత ఉత్సవం నిర్వాహకులకి న్యూయార్క్ పోలీసులు ఉత్తరం రాసి, పాప్ స్మోక్‌తో సహా అయిదుగురు రాపర్లను జాబితాలోంచి తీయించినప్పుడు నాకు కోపం వచ్చింది. క్వీన్స్‌లో, సొంత ఊరి జనం ముందు, అంత పెద్ద వేదిక ఎక్కే అవకాశం అది. వీధి వదిలి బయటపడటానికి ఆ కుర్రాళ్లకి దొరికిన దారి పాట ఒక్కటే. ఆ దారినే మూసేస్తే వాళ్లు ఎక్కడికి పోవాలి?

2020 ఫిబ్రవరి 7న రెండో 'మీట్ ద వూ' వచ్చి బిల్‌బోర్డ్ పట్టికలో ఏడో స్థానంలో నిలిచింది. అదే నెల 19న లాస్ ఏంజెలస్ హాలీవుడ్ హిల్స్‌లో అద్దెకున్న ఇంట్లోకి దోపిడీకి చొరబడినవాళ్లు అతన్ని కాల్చి చంపారు. నిందితుల్లో ఒకడికి అప్పటికి పదిహేనేళ్లు. పాప్ స్మోక్‌కి ఇరవై. మొదటి పెద్ద పాటకీ చావుకీ మధ్య నిండా పది నెలలు లేవు. ఆ ఏడాది వేసవిలో నల్లజాతివాళ్ల ప్రాణాల కోసం న్యూయార్క్ జనం వీధుల్లోకి వచ్చినప్పుడు 'డియోర్' పెట్టుకుని నడిచారు. తర్వాత ఆ పాటకి గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది.

చనిపోయాక వచ్చిన ఆల్బమ్‌లు రెండు. 2020 జూలై నాటి మొదటిది రాపర్ 50 సెంట్ పర్యవేక్షణలో తయారై మొదటి స్థానానికి వెళ్లింది. అందులో అతను మెత్తగా, రాగం తీసి పాడిన పాటలున్నాయి. ఎటు మళ్లేవాడో వాటిని వింటే తెలుస్తుంది. 2021లో వచ్చిన 'ఫెయిత్' మాత్రం నాకు నచ్చలేదు. వదిలిపెట్టిపోయిన ముక్కల చుట్టూ అతిథుల గొంతులు కుక్కేశారు, అతను ఆగిన చోటల్లా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు.

వినాలనుకునేవాళ్లు 2019 నాటి తొమ్మిది పాటలతో మొదలుపెట్టండి. ఫోన్ స్పీకర్‌లో వద్దు. ఆ బేస్ అందులో పలకదు, అతను దేనికోసం ఆగాడో తెలియదు. మంచి హెడ్‌ఫోన్ గానీ, కారులో స్పీకర్లు గానీ ఉంటే చాలు.