కొబ్బరి చిప్పకు మీసం

కొబ్బరి కోరాక చిప్ప పొయ్యిలోకి పోతుంది. చింతపండు కొట్టగా రాలిన గింజలు పెంటకుప్పలోకి. కోత మిషన్ కింద పోగయ్యే రంపపు పొట్టు ఏమవుతుందో ఎవరికీ పట్టదు. చేర్యాలలో ఈ మూడూ కలిసి ఒక ముఖమవుతాయి. 2016లో జిల్లాలు విడిపోయాక ఆ ఊరు సిద్దిపేట లెక్కలోకి పోయింది గానీ, అప్పటిదాకా వరంగల్ జిల్లాదే.

అక్కడి చిత్రకారులైన నకాషీల పెద్ద పని పటం. కాకిపడగల వాళ్లు, కూనపులి వాళ్లు వంటి కథకులు ఊరూరా విప్పి కథ చెప్పడానికి గజాల కొద్దీ ఖాదీ మీద కులపురాణాలు గీసేవారు. మందెచ్చుల వాళ్లనే కథకులకు కాటమరాజు కథ కోసం బొమ్మలే చేసిచ్చేవారు. కథ వినేవాళ్లు తగ్గారు. గోడకు తగిలించే ముఖాలకు గిరాకీ వచ్చింది.

చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే చిక్కటి జిగురు. నేత నూలుకు గంజి పెట్టడానికీ ఈ గింజల పిండి వాడతారు, దాని పట్టు అంతటిది. అందులో పొట్టు కలిపి ముద్ద చేస్తారు. కొండపల్లి బొమ్మలవాళ్లు ఇలాంటి ముద్దనే మక్కు అంటారు.

ఇక చిప్ప బోర్లించి చూడండి. నుదురూ చెంపలూ కాయే ఇచ్చేసింది. ముక్కు, పెదవులు, కనుబొమలు మాత్రం ముద్దతో లేపాలి. ఎక్కువ పెడితే ముఖం బరువెక్కుతుంది, ఆరేటప్పుడు బీటలిస్తుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే ఇందులో పనితనం. బొమ్మ రైలు కట్టేవాళ్లూ పట్టాల పక్కన పచ్చికకని పొట్టుకు రంగేసి చల్లుతారు. అక్కడ పొట్టు గడ్డిగా కనబడితే చాలు; ఇక్కడ అది ముక్కుదూలమై నిలబడాలి.

ఆరాక సుద్దమట్టి పూత, దానిమీద రంగులు. చెవుల దాకా సాగే ఆ పెద్ద కళ్లు పటంలోవే. పాగా చుట్టిన ఆసామికి కొనలు తిరిగిన నల్లటి మీసం, ఆవిడకు రూపాయంత బొట్టు, ముక్కుపుడక. మీసం గీతలో తడబాటు ఉంటే దాచే వీల్లేదు. ఈమధ్య కొన్నిటికి వార్నిష్ మరీ దట్టంగా పూస్తున్నారు. ఆ తళతళలో గీత పలచబడిపోతుందని నా ఫిర్యాదు.

నా దగ్గరున్న ఆసామిని గోడ మీంచి తీసి తిప్పి చూశాను. ముందు అంత దర్పం, వెనక మాత్రం గుప్పెడు నీళ్లు పట్టే ఉత్త చిప్ప.