చేతులు మారిన ‘మా’ టీవీ

తెలుగున ‘మా’ యనుటకును ‘మన’ యనుటకును గల భేదము పసిబిడ్డకును తెలిసినదే. ‘మన యిల్లు’ అన్నచో వినువాడును అందు చేరును. ‘మా యిల్లు’ అన్నచో వాడు గడప కీవలనే నిలుచును. 2002వ సంవత్సరమున పెన్మెత్స మురళీకృష్ణంరాజుగారు స్థాపించిన టెలివిజన్ ఛానలుకు ‘మా’ అని పేరు పెట్టినపుడు ఈ భేదమును గూర్చి యెవరును తలంచి యుండరు. అరక్కోణమున కూర్చుండి చూచు మావంటి వారికి మాత్రము ఆ పేరు ఒక చిన్న సందేహమును కలిగించుచునే యున్నది: ఈ ‘మా’లో మేమున్నామా, లేదా?

మన పట్టణమునకు తెలుగు తెర ఆలస్యముగా వచ్చినది. 1975 ఆగస్టు 15న మద్రాసు దూరదర్శన్ ప్రారంభమైనది. ఇండ్లపై నిలిపిన ఆంటెన్నాలన్నియు అటువైపే చూచినవి. 1977లో హైదరాబాదు కేంద్రము వెలసినను దాని ప్రసారము ఇంతదూరము చేరునది కాదు. 1995లో జెమినీయు, ఈటీవీయు ఉపగ్రహముద్వారా రాగా, కేబులు తీగవెంట తెలుగు మన నడవలోనికి నడచి వచ్చెను. తెలుగు సినిమాకై రేణిగుంట రైలెక్కిన తరమువారికి అది యెంత సంబరమో చెప్పనక్కరలేదు. ఆ జెమినీ పిమ్మట చెన్నపట్టణపు సన్ సంస్థలో కలిసిపోయినది. ఈటీవీ చిరకాలము రామోజీరావుగారి చేతనే యుండి, 2014లో నాలుగవవంతుకు స్వల్పముగా తక్కువ వాటాను టీవీ18 సంస్థకు ఇచ్చినది.

‘మా’ కథ వీనికంటె మలుపులు కలది. మందుల పరిశ్రమనుండి వచ్చిన నిమ్మగడ్డ ప్రసాద్‌గారును, సినిమారంగమునుండి చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్‌గారలును అందు వాటాదారులైరి. 2015లో దాని ప్రసార వ్యాపారమును స్టార్ ఇండియా కొనినది. కొలది కాలమునకే పేరు ‘స్టార్ మా’ అయ్యెను. నాడు స్టార్‌కు యజమాని అమెరికాలోని ట్వంటీఫస్ట్ సెంచరీ ఫాక్స్. 2019లో స్టార్ డిస్నీ వశమైనది. 2024 నవంబరులో రిలయన్స్‌తో కలిసి జియోస్టార్ అయినది. ఇరువదిరెండేండ్లలో ఇన్ని చేతులు మారిన సొత్తునకు ‘మా’ యను పేరే నిలిచియుండుట ఒక విశేషము. ఎవరు కొనినను తమదే యని చెప్పుకొనుటకు అంతకంటె అనువైన మాట దొరకదు గదా!

యజమానులుగా నున్నవారే అనంతరము తెరపై వ్యాఖ్యాతలైరి. 2014లో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ నడపునాటికి నాగార్జునగారు సంస్థలో భాగస్వామి. 2017లో అదే పోటీని నడిపిన చిరంజీవిగారును, 2019నుండి ‘బిగ్ బాస్’ను నడిపిన నాగార్జునగారును వెనుకటి యజమానులు. (2021లో ఆ పోటీ జెమినీకి వెళ్ళి ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ అయినది. బహువచనముతోనైనను ఆడవారికి అందు చోటు దొరకినదని సంతోషించితిమి.)

తెలుగు చేతులనుండి జారినది కావున తెలుగుదనము పోయినదని పలువురు వగచుచున్నారు. అది తొందరపాటు తీర్పని మా అభిప్రాయము. నిదర్శనమునకు మన యిండ్లలో రెండు భాషలలోను చూచిన ఒక కథ కలదు. 2018లో విజయ్ టీవీలో ‘పాండియన్ స్టోర్స్’ మొదలైనది. మరుసటి యేట స్టార్ మాలో ‘వదినమ్మ’ వచ్చినది. రెండు ఛానళ్ళకును యజమాని యొకడే, కథ యొకటే, నాయికయు ఒకతెయే. సుజితగారు తమిళమున ధనముగా, తెలుగున సీతగా నటించిరి. అక్కడ సత్యమూర్తియైన పెద్దన్న యిక్కడ రఘురాముడు. తమ్ములు లక్ష్మణుడు, భరతుడు. తమిళము కిరాణా కొట్టును పేరున నిలిపినది. తెలుగు వదినెను నిలిపి, చుట్టును రామాయణమును కట్టినది. తమిళమున ఆ కుటుంబము కొట్టు చుట్టు తిరుగును. తెలుగున ఆ కుటుంబమంతయు వదినె కన్నీటి చుట్టు తిరుగును. తమిళ రచనయే బిగువుగా నున్నదని మేము చెప్పక తప్పదు. ఐనను తెలుగున చేసినది వట్టి అనువాదము కాదు. ఒక తెలుగుబుద్ధి ఆ కథను తన యింటికి తెచ్చుకొనినది. దానికి యజమాని అనుమతి యక్కరలేకపోయెను.

అన్ని కథలకును ఈ భాగ్యము పట్టలేదు. మలయాళమున ‘కరుత్తముత్తు’ అయినది తెలుగున ‘కార్తీకదీపం’. బెంగాలీ ‘శ్రీమొయీ’ ‘ఇంటింటి గృహలక్ష్మి’. ఒకచోట గెలిచిన కథను పది భాషలకు పంచుట పెద్ద సంస్థకు లాభసాటి. అట్లు వచ్చిన కథలో ఊరు ఉండదు. ఏ పట్టణమో తెలియని పెద్ద భవనము, ఏ జిల్లాదో తెలియని మాట.

మా అసలు ఫిర్యాదు ఇచ్చటనే యున్నది. అది నేటి యజమానులమీద మాత్రమే కాదు. తెలుగువారి చేతిలో నున్న పదమూడేండ్లలోను అరక్కోణపు, గుడియాత్తపు తెలుగును ఆ తెరపై మేము వినియెరుగము. మన ‘ఉండాది’, మన ‘జాస్తి’ యెవరికిని పట్టలేదు. వినబడినచో నౌకరు నోటనో, నవ్వించు పాత్ర నోటనో వినబడెను. 2006నాటి తమిళ అభ్యాస చట్టము వచ్చిన పిమ్మట మన పిల్లలలో తెలుగు చదువనేర్చినవారు తగ్గిరి. ఇల్లు దాటిన తెలుగు వారికి ఈ తెరయొక్కటే. కావుననే అది యే తెలుగు పలుకునన్నది మనకు వినోదపు విషయము కాదు. 2019నుండి ఛానళ్ళను మనమే యెంచుకొని రుసుము కట్టుచున్నాము. రూపాయలిచ్చి తెప్పించుకొను తెలుగులో మన మాట లేదు.

మా యింట ఎనిమిదేండ్ల మనుమరాలు కలదు. అవ్వ ‘అన్నం పొయ్యిమీద ఉండాది’ అన్నచో, ‘ఉండాది కాదవ్వా, ఉంది’ అని దిద్దును; సీరియలులో అట్లే అందురట. ‘పాండియన్ స్టోర్స్’ పేరును తమిళ లిపిలో ఆమె గడగడ చదివినది. ‘వదినమ్మ’ అక్షరములు తెరపై రాగానే అవ్వ మొగము చూచినది. అవ్వ కండ్లద్దములు సవరించుకొని చదివి చెప్పెను.