అరువు కథ, సొంత నుడి

ఒక భాషలో ప్రజాదరము చూరగొన్న చిత్రమును వేరొక భాషలో పునర్నిర్మించు రచయితను వట్టి అనుకర్త యని తలచుట నాకెన్నడును సమ్మతము కాదు. ఏలయన, కథను అరువు తెచ్చుకొనవచ్చును గాని, నుడికారమును అరువు తెచ్చుకొనుట ఎవ్వరి తరమును గాదు. శరత్ నవలలను తెనిగించి చేయి తిరిగిన చక్రపాణిగారు, వంగభాషలోని ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ కథను గైకొని 1955లో ‘మిస్సమ్మ’గా తీర్చినపుడు, ఉద్యోగార్థమై దంపతులమని బొంకిన ఇరువురు నిరుద్యోగుల సంకటమును జమీందారుగారింటి తెలుగు మాటలతో నింపి, మూలమొకటి కలదను స్ఫురణయే ప్రేక్షకునికి కలుగనంత స్వాభావికముగా దానిని మనదిగా గావించిరి. సావిత్రి ధరించిన పాత్ర క్రైస్తవ కన్య; ఆమె కోపము మాత్రము అచ్చముగా మన పొరుగింటి పిల్లదే. అచ్చముగా!

ఆ కథనే దర్శకులు ఎల్.వి. ప్రసాదుగారు తమిళమున ‘మిస్సియమ్మ’గాను, 1957లో హిందీలో ‘మిస్ మేరీ’గాను తీసిరి. జమున మూడింటను కలదు. అపరాధపరిశోధకుడనని నమ్ముకొన్న యువకుని వేషము మనకు నాగేశ్వరరావు, తమిళులకు తంగవేలు, హిందీవారికి కిషోర్ కుమార్ ధరించిరి. హాస్యమే వృత్తిగా గల తంగవేలు ఆ వేషమునకు తగినవాడే; అయినను మువ్వురిలో నాగేశ్వరరావుగారి అమాయక గాంభీర్యమే నాకు మిక్కిలి ప్రియము, నవ్వించుచున్నానను ఎరుకయే లేనివాని వలె ఆయన తన పరిశోధన సాగించుచుండును.