ఠ కడుపులో చుక్క

పాఠశాల అన్న మాట కాగితం మీద రాసేటప్పుడు ఠ కడుపులో చుక్క పెట్టడం ఎవరికీ పెద్ద పని కాదు. కలం తాకిస్తే పడుతుంది. అదే మాటను రంగుషీటులో కోసి గోడకు అంటించాలంటే ఆ చుక్క విడిగా ఒక వస్తువు. రెండంగుళాల అక్షరంలో కందిగింజంత ఉంటుంది. చుట్టూ ఉన్న షీటు పీకేటప్పుడు దాంతోపాటు చుక్క కూడా లేచిపోయిందంటే పాఠశాల కాస్తా పారశాల అయి కూర్చుంటుంది. వైకుంఠ రథం అని కోస్తే గండాలు రెండు. మొదటి చుక్క పోతే వైకుంర, రెండోది పోతే రధం.

సూరత్‌లో ఈ చుక్క సంగతి ఊహకోసం చెప్పుకునేది కాదు. అక్కడి నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక బడులు నడుపుతోంది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ పల్లెల్లో చేతిమగ్గం కూడు పెట్టడం మానేశాక పద్మశాలి కుటుంబాలు తపతీ నది ఒడ్డుకు చేరి మరమగ్గాల దగ్గర నిలబడ్డాయి. లింబాయత్, ఉధ్నా వైపు రెండు మూడు తరాలుగా తెలుగు వినిపిస్తోంది. అందుకని తెలుగు అక్షరాల అవసరమూ ఉంది. కిరాణా కొట్టు అద్దం మీద యజమాని ఇంటిపేరు, ఆటో వెనక ఇలవేల్పు, పెళ్ళికారు మీద వధూవరులు, మార్కండేయ జయంతికి సంఘం బ్యానరు, వినాయకుడి పందిరి దగ్గర దాతల పేర్లు. ఇవన్నీ కోసిచ్చే షాపు మాత్రం చాలాసార్లు గుజరాతీవాళ్ళదో మరాఠీవాళ్ళదో అయి ఉంటుంది. వాళ్ళకు యంత్రం తెలుసు, మన లిపి తెలియదు. ఏది అక్షరం, ఏది చెత్త అని చెప్పగలిగింది పక్కన నిలబడ్డ తెలుగువాడే. ఆ నిలబడేవాడికి పనికొస్తుందని ఈ నాలుగు మాటలు.

ముందు పేరు సంగతి. దేశమంతటా ఈ షీటును రేడియం అనే అంటారు. అందులో రేడియం రవ్వంత కూడా ఉండదు. క్యూరీ దంపతులు 1898లో కనిపెట్టిన ఆ మూలకాన్ని తర్వాతి రోజుల్లో గడియారాల ముళ్ళకు, అంకెలకు పూసేవారు. చీకట్లో వెలిగేదల్లా రేడియం అనే అలవాటు అలా వచ్చి ఉంటుంది. లారీల వెనక మెరిసే షీటులో ఉన్నవి చిన్న చిన్న గాజుపూసలు. వచ్చిన వెలుతురును వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. త్రీఎం కంపెనీ 1930ల చివర్లో రోడ్డు బోర్డుల కోసం ఇలాంటి షీటును తెచ్చింది. మెరవని మామూలు రంగుషీటు పీవీసీ ప్లాస్టిక్. పెళుసుగా ఉండే ఆ పదార్థాన్ని మెత్తగా, వంగేలా చేసే పద్ధతి అమెరికాలో వాల్డో సెమన్ చేతికి 1926లో చిక్కింది. రోలర్ల మధ్య నలిపి సాగదీసి చేసే రకం 80 నుంచి 100 మైక్రాన్ల మందం ఉంటుంది. చవక. కానీ సాగదీసిన గుర్తు దానికి పోదు, ఎండ తగిలేకొద్దీ అంచులు లోపలికి ముడుచుకుంటాయి. ద్రవంగా పోసి ఆరబెట్టే కాస్ట్ రకం 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, ముడుచుకోదు, బండి ఒంపుల మీద చక్కగా కూర్చుంటుంది, ఖరీదెక్కువ. పెళ్ళికారుకు మొదటిది చాలు. బడి బోర్డుకు రెండోది అడగండి.

షీటు కింద జిగురు, జిగురు కింద సిలికాన్ పూసిన కాగితం. బ్లేడు షీటును, జిగురును తెంపాలి, కాగితాన్ని తెంపకూడదు. మొత్తం విద్య ఈ ఒక్క వాక్యంలో ఉంది. తాటాకు మీద గంటం పట్టినవాళ్ళకు ఈ లెక్క చేతిలో ఉండేది. ఆకు పైపొరను గీరాలి, ఆకు చిరగకూడదు. గీరిన గాట్లలోకి తర్వాత మసి రుద్దితే అక్షరం నల్లగా తేలేది. అడ్డంగా గీసే తిన్నటి గీతలకు ఆకు చీలుతుందనే మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని పెద్దలు చెబుతారు. ఆ గుండ్రదనం ఇప్పుడు బ్లేడుకూ కలిసొచ్చింది.

ఎలాగంటే, షీటు కోసే యంత్రమైన కటింగ్ ప్లాటరులో ఉండే బ్లేడు మోటారుతో తిరిగేది కాదు. బేరింగులో వదులుగా కూర్చుని, లాగినవైపు తనే మళ్ళుతుంది. ఆఫీసు కుర్చీ కింది చక్రాన్ని చూడండి, కుర్చీని నెట్టినవైపు అది వెనకాలే తిరిగి వస్తుంది. బ్లేడు మొన కూడా తన ఇరుసుకు పావు మిల్లీమీటరు వెనకపడి నడుస్తుంది. గుండ్రటి దారిలో ఈ వెనకబాటు ఇబ్బంది పెట్టదు. మూల వచ్చినప్పుడే చిక్కు. ఇరుసు మూల దాటి కొంచెం ముందుకు వెళ్ళి, చిన్న చాపం తిరిగి, అప్పుడు కొత్త దారి పట్టాలి. ఆ పావు మిల్లీమీటరును ఆఫ్‌సెట్ అంటారు. అది తప్పు పెడితే ఇంగ్లీషు ఈ, ఎఫ్ మూలలు మొద్దుబారతాయి. తెలుగులో ఆ తప్పు ఇంకోచోట బయటపడుతుంది. సున్న మూతపడదు. కోత మొదలైన చోటుకు చివరి కోత వచ్చి చేరక వెంట్రుకవాసి మిగిలిపోతుంది. షీటు పీకగానే ఆ వెంట్రుక పట్టుకుని సున్న మొత్తం లేచి వస్తుంది. అందుకే మొదలైన చోటు దాటి ఇంకాస్త కోయమని చెప్పే ఓవర్‌కట్ అనే అమరిక ఉంది. తెలుగు పని ఇచ్చేటప్పుడు దాన్ని తప్పకుండా పెట్టమనండి.

బ్లేడు ఒత్తిడి గ్రాముల్లో లెక్క. మామూలు షీటుకు 80, 100 గ్రాముల దగ్గర మొదలుపెట్టి సవరిస్తారు. 45 డిగ్రీల బ్లేడు మామూలు షీటుకు, 60 డిగ్రీలది మెరిసే మందపాటి షీటుకూ సన్నటి నగిషీకీ. ఏ అంకె నమ్మినా నమ్మకపోయినా, మూలన ఒక చిన్న చదరం, అందులో ఒక గుండ్రం కోసి చూడటం మానకూడదు. గుండ్రం నిలిచి చదరం ఊడి రావాలి. తర్వాత వెనక కాగితం మీద వేలితో తడిమితే గాటు ఉందా లేదా అన్నంత లేతగా తగలాలి. గాటు కాగితం అవతలికి కనిపించిందంటే బ్లేడు ఎక్కువ దిగినట్టే.

కంప్యూటరుకూ ప్లాటరుకూ మధ్య నడిచే భాష చాలా చిన్నది. హ్యూలెట్ ప్యాకార్డ్ 1970ల చివర్లో కలంతో గీసే యంత్రాల కోసం తయారుచేసిన ఆ భాషనే ఈనాటికీ చాలా ప్లాటర్లు మాట్లాడతాయి. పీయూ అంటే కలం పైకి, పీడీ అంటే కలం కిందికి. ఆ వెంట ఎక్కడికి వెళ్ళాలో అంకెలు. మిల్లీమీటరును 40 భాగాలు చేసి లెక్కిస్తుంది. సూరత్ మరమగ్గాల మధ్య పెరిగిన పిల్లవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. జాకార్డు అట్టలో రంధ్రం ఉంటే పడుగు పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. పైకి, కిందికి అన్న ఆ రెండు మాటలతోనే పట్టుచీర అంచు మీద నెమలి కూర్చుంటోంది.

బట్టకూ ఈ షీటుకూ ఇంకా దగ్గర చుట్టరికం ఉంది. వియన్నాలో పుట్టి, నాజీల చెర తప్పించుకుని అమెరికా చేరిన జోసెఫ్ గెర్బర్ అనే యువకుడు ఇంజనీరింగ్ చదువుకుంటూ, పైజామా నడుంపట్టీలోని ఎలాస్టిక్ లాగి దాని మీద గీతలు పెట్టి, సాగే స్కేలు చేసుకున్నాడు. లెక్కల పటం ఎంత పెద్దదైనా చిన్నదైనా అదే స్కేలు సాగి సరిపోయేది. ఆ స్కేలుతో మొదలైన కంపెనీయే 1960ల చివర్లో దొంతరగా పరిచిన బట్టను కంప్యూటరు చెప్పినట్టు కోసే యంత్రాన్ని, 1980ల మొదట్లో సైనుబోర్డుల కోసం షీటులో అక్షరాలు కోసే యంత్రాన్ని తెచ్చింది. దర్జీ కత్తెర, బోర్డు పెయింటరు కుంచె, రెంటి పనీ ఒకే కార్ఖానా యంత్రాలు అందుకున్నాయి. బట్ట మీద బతికే ఊరి సందుల్లో రేడియం కటింగ్ షాపు చూసినప్పుడల్లా నాకు ఆ ఎలాస్టిక్ ముక్కే గుర్తొస్తుంది.

ఇక సాఫ్ట్‌వేరు. మన దేశంలో సైను పనివాళ్ళ ఇంటిపేరు కోరల్‌డ్రా. కెనడాలో 1989లో వచ్చింది. ప్లాటరుతో పాటు వచ్చే కటింగ్ సాఫ్ట్‌వేరు ఏదైనా, గీత పుట్టేది మాత్రం చాలా షాపుల్లో కోరల్‌డ్రాలోనే. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ 2003 నుంచి ఉంది, ఈ పనికి ఏమాత్రం తీసిపోదు. దేనిలో చేసినా తెలుగుకు అసలు పరీక్ష ఒకటే, ముక్కల్ని కలపడం.

ఇది కొంచెం నిదానంగా చెప్పాలి. అను, శ్రీలిపి లాంటి పాత పద్ధతి ఫాంట్లలో అక్షరం ఒకే బొమ్మగా ఉండదు. ఒడలు వేరు, తలకట్టు వేరు, గుడి వేరు, వత్తు వేరు. లక్ష్మి అనే పేరులో రెండో అక్షరం ఒక్కటే చూడండి. క, గుడి, ష వత్తు, మ వత్తు, నాలుగూ పక్కపక్కన చేరి, ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కి, కంటికి ఒక్క అక్షరంలా కనిపిస్తాయి. అచ్చుకు ఇది చాలు, నలుపు మీద నలుపు పడితే నలుపే. బ్లేడుకు రంగు తెలియదు, అంచు మాత్రమే తెలుసు. ఒక ముక్క మీదికి ఇంకో ముక్క ఎక్కినచోట రెండు అంచులూ కోసుకుంటూ పోతుంది. అంటించే వేళకు గుడి ఒక చోట, క మెడ ఇంకో చోట, మధ్యలో గోరంత తునక. ముక్కల్ని ఒకటిగా చేర్చినప్పుడు ఎక్కిన చోటు బొక్కగా మారిపోవడం ఇంకో అవస్థ. మందు వెల్డ్ అనే ఆజ్ఞ. అక్షరాలను ముందు గీతలుగా మార్చి, ఒక అక్షరానికి చెందిన ముక్కలన్నీ పట్టుకుని వెల్డ్ చేస్తే లోపలి అంచులు మాయమై బయటి అంచు ఒక్కటే మిగులుతుంది. రంగు నిండి ఉన్నప్పుడు ఏ తప్పూ కనిపించదు కాబట్టి రంగు తీసేసి ఉత్త గీతలు చూపించే వైర్‌ఫ్రేమ్‌లో పెట్టి చూడమని పక్కన నిలబడి అడగండి. ఆ ఒక్క చూపుతో మీటరు షీటు మిగులుతుంది.

యూనికోడ్ వచ్చాక ఈ కష్టం తగ్గింది, పూర్తిగా పోలేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, సురవరం, మండలి, పొన్నాల లాంటి ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. బోర్డు పనికి బలమైన ఒడలున్న రామభద్ర నాకు ఇష్టం. కానీ కోరల్‌డ్రా పాత వెర్షన్లలో యూనికోడ్ తెలుగు అతికిస్తే వత్తులు విడిపోయి బారులు తీరతాయి. లిపి తెలియనివాడికి అది తప్పని ఎలా తెలుస్తుంది? దాంతో చాలామంది ఫోనులో టైపు చేసి, ఆ తెరను ఫోటోగా పంపి, దానిమీద గీతలు తీయించుకుంటారు.

అలా యంత్రం తనంతట తాను తీసిన గీతల్లో ప్రాణం ఉండదు. ఫోటోలోని మసకంతా మెలికలై, ఒక్క సున్నకు వంద బిందువులు పుడతాయి. ప్రతి బిందువు దగ్గరా బ్లేడు ఆగి సాగి, అంచు రంపపుపళ్ళలా వస్తుంది. చేయి తిరిగినవాడు ఫోటోను అడుగున పెట్టుకుని పైన తానే గీస్తాడు. సున్నకు నాలుగే బిందువులు, పైన, కింద, కుడి, ఎడమ. మధ్య ఒంపును లెక్క చూసుకుంటుంది. ఆ లెక్క సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, రెనోలో పియర్ బెజియర్ కార్ల ఒంపుల కోసం 1960ల ముందూ వెనకా సాధించినది. కారు ఒంటికోసం పుట్టిన గీత, పెళ్ళినాడు కారు ఒంటి మీదికే వధూవరుల పేర్లై తిరిగి వస్తోంది.

ఒకే బోర్డు మీద మూడు లిపులు రావడం సూరత్‌లో మామూలే. హిందీలో తలగీత మాటంతటినీ కట్టి ఉంచుతుంది. వెల్డ్ చేశాక మాట దాదాపు ఒకటే ముక్క, ఎత్తి అతికించవచ్చు. గుజరాతీకి తలగీత లేదు, అక్షరం అక్షరం విడి. తెలుగులో అక్షరం కూడా విడివిడే. ప, స, ష, హ, ఘ తలకట్లు ఒంటికి అంటకుండా పైన తేలుతుంటాయి. పద్మశాలి సంఘం అన్న మాట కోసి ముక్కలు లెక్కపెట్టి చూడండి, ఇన్నా అనిపిస్తుంది. హిందీ కోసిన చేత్తో అదే వేగంగా తెలుగు షీటు పీకితే తలకట్లన్నీ చెత్తబుట్టలో ఉంటాయి.

పీకడానికి ఒక తీరుంది. షీటును పైకి లాగకూడదు. మూల దగ్గర ఎత్తి, వెనక్కి మడిచి, కాగితానికి ఆనించినట్టుగా నెమ్మదిగా ఈడ్చాలి. పెద్ద పని అయితే వరుసల మధ్య అడ్డకోతలు ముందే పెట్టించి, ఒక్కో వరుస ఒక్కో పట్టీగా తీయాలి. బయటి షీటు తీశాక కడుపులు. ర, ఠ, థ, సున్న లోపలివి సూదిమొనతో గుచ్చి తీస్తారు. ఠ కడుపు తీసేటప్పుడు రెండో చేతి గోరు చుక్క మీద ఉండాలి. ఎండాకాలం సూరత్‌లో జిగురు మెత్తబడి కోసిన గాట్లు మళ్ళీ అతుక్కుపోతాయి, కోసిన గంటలోపే పీకడం మేలు. వానాకాలం వెనక కాగితం తేమ పీల్చి ఉబ్బుతుంది, అప్పుడు చుట్టను షాపు గదిలో ముందురోజే విప్పి ఉంచుతారు.

ఆ తర్వాత పైన ఎత్తుడు టేపు వేసి, ప్లాస్టిక్ పట్టీతో మధ్యనుంచి అంచులకు రుద్ది, తిరగేసి కాగితాన్ని తీస్తారు. ఇక్కడా తీయాల్సింది కాగితాన్నే, టేపును ఎత్తకూడదు. అద్దం మీదైతే సబ్బునీళ్ళు చల్లి పెడితే అటూ ఇటూ జరుపుకోవడానికి వీలుంటుంది.

2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన కొత్త బండ్లకు హై సెక్యూరిటీ నంబరు ప్లేటు తప్పనిసరి అయ్యాక, జీజే 05 అని అంకెలు కోసి అంటించే రోజువారీ పని ఈ షాపుల చేయి జారింది. చొక్కాల మీది పేర్లు, ఫిల్ము మీంచి బట్టకు దించే డీటీఎఫ్ అచ్చుకు పోతున్నాయి. మిగిలింది ఇలాంటి పనే, ఎవరి పేరు వారి లిపిలో, ఒక్కటే ప్రతి. దానికి ఇంకా బ్లేడే కావాలి, ఎండకు వెలవని రంగూ కావాలి. అందుకే లింబాయత్‌లో తెలుగు పేరు కోయించుకోవడానికి వెళ్ళే పిల్లలకు, గుజరాతీ అక్షరాలే ముందు వచ్చిన పిల్లలకు కూడా, పేరులో ఎన్ని ముక్కలుంటాయో ఎవరైనా ఒకసారి కూర్చోబెట్టి చూపిస్తే బాగుంటుందని నా కోరిక. తలకట్టు ఎక్కడ తేలుతుందో, వత్తు ఎక్కడ ఆనుతుందో ఆ ముక్కల్లో తెలిసినంత బాగా పలక మీద తెలియదు.

ఇంకొక్క మాట. పని పంపే ముందు, షీటు చివర ఖాళీగా మిగిలిన మూలలో అదే కొలతవి నాలుగు చుక్కలు అదనంగా కోయమని చెప్పండి. కోయడానికి క్షణం పట్టదు. గోడ దగ్గర టేపు లాగాక ఠ ఖాళీ కడుపుతో కనిపిస్తే, జేబులోంచి ఒక చుక్క తీసి సూదిమొన మీద ఎక్కించి, మధ్యలో పెట్టి, బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి.