మిత్తి లెక్క రానిదెవరికి? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దళిత యువతకు ‘ఆర్థిక అక్షరాస్యత’

మన దేశంలో వయసొచ్చిన వాళ్లలో 27 శాతం మందికే ‘ఆర్థిక అక్షరాస్యత’ ఉందని 2019 నాటి జాతీయ సర్వే తేల్చింది. సర్వే చేసింది జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం. రిజర్వు బ్యాంకు, సెబీ, బీమా, పెన్షన్ నియంత్రణ సంస్థల అండతో నడిచే సంస్థ ఇది. ఈ లెక్క ఆధారంగా 2020లో అయిదేళ్ల జాతీయ వ్యూహం ఒకటి తయారైంది. అంతకు ముందే, 2013లో, రిజర్వు బ్యాంకు ఒక మార్గదర్శిని తెచ్చింది. అందులో రాబడి ఖర్చులు రాసుకునే డైరీ ఉంది, 16 పోస్టర్లున్నాయి. పిల్లల కోసం బొమ్మల పుస్తకాలూ వేశారు. బడులల్లో పరీక్షలు పెడుతున్నారు, ఊర్లల్లో వారోత్సవాలు జరుపుతున్నారు.

ఖర్చు రాసుకో. అవసరానికీ కోరికకూ తేడా తెలుసుకో. బ్యాంకులో దాచుకో. అప్పు గడువులోపల కట్టు. ఈ పాఠాల సారాంశం ఇంతే. వీటిలో తప్పు మాట ఒక్కటీ లేదు. ప్రశ్న వేరే ఉంది. ఈ పాఠం ఊహించుకున్న విద్యార్థి ఎవరు? నెల నెలా జీతం వచ్చే ఇంటి పిల్లవాడు. కులం లేని పిల్లవాడు. వాడికి రావలసిన పైసలు వాడికి వస్తూనే ఉన్నాయి, ఖర్చు పెట్టడమే సరిగా రావటం లేదు. అంటే పేదరికం ఒక అలవాటు, అలవాటు మారితే పేదరికం మారుతుంది. ఈ భావజాలం పోస్టర్ మీద అచ్చు కాదు గాని ప్రతి పోస్టర్ వెనుకా ఉంటుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలోని మాల మాదిగ వాడల నుంచి ఈ పాఠాన్ని చదివితే దీనిలో ఏం లేదో తెలుస్తుంది.

ఈ ప్రాంతంలో అప్పు లెక్క కొత్తగా నేర్పవలసిన చదువు కాదు. వడ్లు నాగుకు తెచ్చుకుని పంట మీద పెంచి కొలిచిన తరాలివి. తాత చేసిన బాకీకి మనుమడు జీతం ఉన్న ఇండ్లివి. 1976లో వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం వచ్చింది గాని చట్టం దానంతట అది గడీ దాకా నడవలేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి పోవాలన్నారు, జీతగాళ్ల జీతాలు పెరగాలన్నారు, దొరల చేతుల్లోని బంజర్లు కూలీలకు రావాలన్నారు. పంచాయితీలు చేసి దండుగల పేర దొరలు వసూలు చేసిన పైసలను వాపసు అడిగారు. ప్రభుత్వం అక్టోబరు 20న సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఆ దండుగల వాపసు సంగతి చరిత్రకారులు చిన్న విషయంగా రాసి వదిలేస్తారు. నిజానికి అది ఈ నేల మీద జరిగిన పెద్ద ఆర్థిక విద్య. ఏ ఏడు ఎవరి దగ్గర ఎంత దండుగ తీసుకున్నరో సంతకం పెట్టరాని వాళ్లే నోటికి చెప్పి లెక్క తేల్చారు. అప్పటిదాకా ప్రశ్న ఒకటే: నువ్వు దొరకు ఎంత బాకీ? అప్పుడు ప్రశ్న తిరగబడింది: దొర నీకు ఎంత బాకీ? నేటి ఆర్థిక అక్షరాస్యతా పాఠాల్లో కనపడనిది ఈ రెండో ప్రశ్నే. డైరీలో రాబడి రాయమంటారు, ఖర్చు రాయమంటారు. రావలసి ఉండి రానిది ఎక్కడ రాయాలె?

బీడీలు చేసే ఆడవాళ్ల సంగతి చూడండి. ఈ మూడు పట్టణాల చుట్టూ వేల ఇండ్లు ఈ పని మీద బతుకుతున్నాయి. కార్ఖానా ఇచ్చిన తునికాకు తక్కువ పడితే సొంత పైసలతో ఆకు కొని లెక్క నింపాలి. ఒప్పగించేటప్పుడు బాగాలేవని కొన్ని తీసేస్తారు, వాటికి కూలి ఉండదు. వెయ్యి బీడీల కూలిలోనుంచి ఇవన్నీ పోను చేతికొచ్చేదెంతో ఆ తల్లికి పైసతో సహా తెలుసు. ఆమెకు తెలియనిచ్చే వీలు లేకుండా చేసింది కాగితం లెక్క. బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది 1966లో. ఇంట్లో కూర్చుని చేసే పనికి కూడా అది వర్తించేది. అయినా పి.ఎఫ్. పుస్తకంలో పేరెక్కక మరొకరి పేరు మీద బీడీలు చేసిన వాళ్లు ఎందరో. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల భృతి ఇచ్చారు, 2019లో అది 2016 రూపాయలైంది. పి.ఎఫ్. నంబరు ఉన్నవాళ్లకే అది దక్కింది. ఇరవై ఏండ్లు ఒకే పని చేసిన ఇద్దరు అక్కచెల్లెండ్లలో ఒకామెకు భృతి వచ్చి ఇంకొకామెకు రాకపోవడానికి కారణం పొదుపు అలవాటు కాదు, ఒక నంబరు. అసలు అక్షరాస్యత ఆ నంబరు దగ్గర మొదలు కావాలి.

సిరిసిల్ల సాంచెల మీద కూడా ఇదే చూస్తాం. సేటు నూలు ఇస్తాడు, ఆసామి సాంచె నడిపిస్తాడు, కార్మికుడు మీటరు లెక్కన కూలి తీసుకుంటాడు. పెట్టుబడి, నూలు అప్పు, గుడ్డ అమ్మకం చాలా వరకు కుల సంబంధాల గుండానే నడుస్తాయి. ఆ సంబంధాలు లేని దళిత కుటుంబానికి ఆ గొలుసులో దొరికేది చివరి కొస. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో కొన్నేండ్లు పని దొరికింది. 2024లో ఆ పథకం ఆగిపోయాక సాంచెలు నిలిచాయి. తరువాత మహిళా సంఘాల చీరల ఆర్డర్లు వచ్చాయి. ఒక సర్కారు ఆర్డరు వస్తే పొయ్యి వెలిగి, పోతే ఆరిపోయే చోట పొదుపు పాఠం ఎన్ని నెలల బియ్యానికి సరిపోతుంది? జగిత్యాల వైపు ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లే ఆఫ్ అయినప్పుడు కూడా కార్మికుల బతుకును నిర్ణయించింది వాళ్ల ఖర్చుల డైరీ కాదు.

ఇక దుబాయి. ఇక్కడి యువకుడికి ‘సంక్లిష్ట ఆర్థిక వ్యవస్థ’ అంటే షేర్ మార్కెట్ కాదు, వీసా. ఒక లెక్క వేసి చూద్దాం. ఏజెంటుకు, టికెట్టుకు, ఇతర ఖర్చులకు రెండు లక్షలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాడనుకుందాం. మొదటి నెల మిత్తి 6,000. తిండి ఖర్చు పోను నెలకు 15,000 పంపగలిగాడు, అంతా అప్పుకే కట్టాడు, ఇంటికి ఒక్క పైసా ఇవ్వలేదు. అప్పు తీరడానికి దాదాపు 18 నెలలు. ఇంటికి 5,000 ఇచ్చి 10,000 కడితే 31 నెలలు. ఎమిరేట్స్‌లో పని పర్మిట్ రెండేండ్లది. అంటే పర్మిట్ అయిపోయే నాటికి అప్పు ఇంకా మిగిలే ఉంటది. ఇంత చిన్న లెక్కను ఏ వారోత్సవంలోనైనా నల్ల బల్ల మీద వేసి చూపించారా? ఇది చూసిన పిల్లవాడు కల్లివెల్లి ఎందుకయితరో, ఔట్‌పాస్ కోసం ఎందుకు ఎదురుచూస్తరో ఎవరూ చెప్పకుండానే అర్థం చేసుకుంటాడు.

అదే బల్ల మీద రాయవలసిన ఇంకో అంకె ఉంది. 1983 వలసల చట్టం కింద లైసెన్సు ఉన్న ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోదగిన సేవా రుసుముకు నిబంధనలు పెట్టిన హద్దు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షల్లో ఇచ్చినదానికీ ఈ హద్దుకూ మధ్య తేడా ఎవరి జేబులోకి పోయింది? టెన్త్ పాసు కానివాళ్ల పాస్‌పోర్టుకు గల్ఫ్ దేశాలకు వలస అనుమతి కావాలి, ఆ అనుమతితో పాటు పది లక్షల ప్రవాసీ బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద పంపితే అనుమతీ లేదు, బీమా కూడా లేదు. శవపేటిక వచ్చిన రోజున ఈ సంగతి తెలిస్తే ఏం లాభం?

అప్పు ఇచ్చేవాడి లెక్కలను కూడా పాఠం చేయాలి. ప్రామిసరీ నోటుకు చట్టం ఇచ్చిన గడువు మూడేండ్లు. గడువు దాటకముందే నోటు తిరగరాస్తారు, మిత్తి అసలులో కలుస్తది. రెండు రూపాయల మిత్తికి తెచ్చిన లక్ష, మూడేండ్లకు 1,72,000 నోటు అయితది. ఆరేండ్లకు 2,95,840. చక్రవడ్డీ అనే మాట ఎవరూ అనలేదు, నోరు విప్పకుండానే పని అయిపోయింది. మైక్రోఫైనాన్స్ వాళ్లు, ఫైనాన్స్ కంపెనీలు ‘ఫ్లాట్’ 12 శాతం అంటారు. రెండేండ్ల కిస్తీల్లో, అసలు తగ్గుతున్నా మొత్తం మీదనే మిత్తి వేస్తే, అసలైన రేటు 21 శాతం దాటుతుంది. లైసెన్సు లేని వడ్డీ వ్యాపారాన్ని కట్టడి చేసే చట్టం తెలంగాణ ప్రాంతంలో 1349 ఫసలీ నుంచే ఉంది. దాన్ని బడిలో చెప్పగా విన్నవాళ్లెవరు?

‘అప్పు గడువులోపల కట్టు’ అనే పాఠం 2010లో ఎట్లా పనిచేసిందో గుర్తు చేసుకోవాలి. మైక్రోఫైనాన్స్ కంపెనీలకు వారం వారం కిస్తీ కట్టడంలో మన ఆడవాళ్లను మించినవాళ్లు లేరు. ఒక అప్పు కట్టడానికి ఇంకో అప్పు చేసి మరీ కట్టారు. ఆ క్రమశిక్షణ చూపించి ఒక పెద్ద కంపెనీ ఆ ఆగస్టులో షేర్ మార్కెట్‌కు పోయింది. ఆత్మహత్యల వార్తల మధ్య అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, అది చట్టమైంది. మిత్తి అసలును మించరాదని అందులో రాశారు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరయిన కంపెనీలకు ఈ చట్టం వర్తించదని చెప్పింది. ఈ మధ్యలో, 2020లో, ఫోన్‌లో లోన్ యాప్‌లు వచ్చి పిల్లల ప్రాణాలు తీశాయి. జామీనుగా అడిగింది భూమి కాదు, ఫోన్‌లోని పేర్లు. అంటే పరువు. పట్టా లేని వాడకు అప్పు ఇచ్చినప్పుడల్లా తాకట్టు పెట్టించుకునేది పరువునే. గుంపు పూచీ అయినా, యాప్ అయినా సూత్రం ఒకటే.

ఇంతవరకు సర్కారు పాఠం మీద విమర్శ. ఉద్యమాల మీద కూడా ఒక మాట అనక తప్పదు. వ్యవస్థ మారకుండా పైసల పాఠాలు చెప్పడం పెట్టుబడిదారీ మాయ అని కొట్టిపారేసే ధోరణి మన ఎడమ వైపు మిత్రుల్లో ఉంది. 1978 తరువాత సంఘాలు అణచివేతకు గురయ్యాక ఊరి పిల్లలు దుబాయి బాట పట్టారు. వాళ్ల చేతిలోని ఒప్పంద పత్రాన్ని చదివి చెప్పే పనిని ఎంతమంది కార్యకర్తలు రాజకీయ పనిగా చూశారు? ఇంకో వైపు, దళితులంతా యజమానులు కావాలనే వాదం ఉంది. 2021 ఆగస్టులో పక్కనున్న హుజూరాబాద్‌లో మొదలైన దళితబంధు కుటుంబానికి పది లక్షలు ఇచ్చింది. తిరిగి కట్టనక్కరలేని పైసలు, బ్యాంకు గడప తొక్కనక్కరలేని పైసలు. ఎస్సీ కార్పొరేషన్ యూనిట్ కోసం బ్యాంకు కాన్సెంట్ చుట్టూ తిరిగి అలసినవాళ్లకు ఆ తేడా విలువ తెలుసు. కాని కారు ఇచ్చి గిరాకీ ఇవ్వకపోతే, షాపు పెట్టించి ఊరంతా ఆ షాపులో కొనకపోతే, ఓడిపోయింది వ్యాపారమా, లేక అంటరానితనం ఇంకోసారి గెలిచిందా? పుస్తకంలో ‘మార్కెట్’ అని రాసిన చోట ఊరిని చదువుకోవాలి.

అందుకని పాఠాలు వద్దనడం లేదు. పాఠ్యపుస్తకం మన ఇండ్లల్లోనే ఉందంటున్నాం. అమ్మ పి.ఎఫ్. పుస్తకం, అన్న వీసా ఒప్పందం, నాయిన సంతకం పెట్టిన నోటు, అక్క మహిళా సంఘం పుస్తకం, స్కాలర్‌షిప్ పడే తమ్ముడి బ్యాంకు పుస్తకం. తొమ్మిదో తరగతి పిల్లలు ఈ అయిదు కాగితాలు ముందు వేసుకుని మూడు ప్రశ్నలు అడగటం నేర్చుకుంటే చాలు. ఇందులో ఏ రేటు రాసి ఉంది, అసలు పడుతున్న రేటు ఎంత? దీని మీద ఏ చట్టం ఉంది, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? మాకు రావలసింది ఎవరి దగ్గర ఆగింది? మూడో ప్రశ్న ఇంటి దగ్గర ఆగదు. 2013లో ఎస్సీ ఉపప్రణాళికకు చట్టం వచ్చింది, 2017లో తెలంగాణ దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చింది. ఆ పద్దు కింద మా మండలానికి ఎంత రాశారు, ఎంత వచ్చింది అని అడిగే పిల్లలే నిజంగా ఆర్థిక అక్షరాస్యులు. లెక్కల టీచర్లు, సోషల్ టీచర్లు కలిస్తే దీనికి కొత్త బడ్జెట్ అవసరం లేదు.

అంబేద్కర్‌ను మనం రాజ్యాంగంతోనే గుర్తుపెట్టుకుంటాం. ఆయన ‘రూపాయి సమస్య’ను 1923లో అచ్చు వేశాడు. ఆ తరువాత హిల్టన్ యంగ్ కమిషన్ ముందు కూర్చుని ద్రవ్య విధానం మీద సాక్ష్యం ఇచ్చాడు. రూపాయి విలువ పడిపోతే ఎవరు నష్టపోతారు, దాన్ని నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉండాలి అన్నది ఆయన వేసుకున్న ప్రశ్న. రూపాయిని దాచుకొమ్మని చెప్పడం దగ్గర ఆయన ఆగలేదు, దాన్ని నడిపించే వాళ్లను లెక్క అడిగాడు. రిజర్వు బ్యాంకు వాళ్ల పోస్టర్లు మన బడుల గోడల మీద ఉండనీయండి. వాటి పక్కన బల్ల మీద 31 నెలల లెక్క కూడా రాయండి. పదో తరగతి పరీక్ష అయిపోయి పాస్‌పోర్టు దరఖాస్తు పెట్టకముందే రాయండి.